నాణ్యత పోకుండా వీడియోను ఒక ప్రసార ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌లోకి మార్చడం

సెకనుకు 25 ఫ్రేముల వీడియోను 29.97కి మార్చమంటే ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా మార్చేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఫైలు బాగానే ఆడుతుంది. లోపాలు పెద్ద తెర మీద చూసినప్పుడు బయటపడతాయి. కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుగా కదులుతుంది. పరిగెత్తే మనిషి వెనక నీడలా ఇంకో మనిషి కనిపిస్తాడు. ఎర్రచీర కాస్త నారింజ రంగుకు తిరుగుతుంది. వీటిలో చాలావరకు మార్పిడి కష్టమైన పని కావడం వల్ల వచ్చే లోపాలు కావు. చేతిలో ఉన్న ఫుటేజ్ అసలు ఏమిటో తేల్చుకోకుండా మొదలుపెట్టడం వల్ల, చేయాల్సిన పనులు వరస తప్పి చేయడం వల్ల వచ్చేవి. అందుకే ఇక్కడ సగం శ్రమ మార్పిడికి ముందే ఉంటుంది.

ముందు ఫుటేజ్‌ను గుర్తుపట్టండి

పాత ప్రసార ప్రమాణాలు ప్రధానంగా రెండు కుటుంబాలు. ఒకటి 625 లైన్లు, సెకనుకు 50 ఫీల్డులు (ఫీల్డు అంటే ఫ్రేమ్‌లో ఒకటి విడిచి ఒకటిగా వచ్చే లైన్ల గుంపు). వాడుకలో పాల్ అంటాం, బొమ్మ కనిపించేది 576 లైన్లలో. రెండోది 525 లైన్లు, సెకనుకు 59.94 ఫీల్డులు. ఇది ఎన్‌టీఎస్‌సీ, ఇందులో బొమ్మ 486 లైన్లు, డీవీ (డిజిటల్ టేపు క్యామ్‌కార్డర్ల ఫార్మాట్) ఫైళ్లలో అయితే 480. హెచ్‌డీ వచ్చాక లైన్ల తేడా పోయింది కానీ 50, 59.94 అనే వేగాల తేడా అలాగే మిగిలింది. ఈ 59.94 అనే వింత అంకె 1953 నాటి రంగుల ప్రమాణంతో వచ్చింది. రంగు సంకేతం, ధ్వని సంకేతం ఒకదానితో ఒకటి కలిసి తెర మీద చుక్కల జాలు కనిపించకుండా ఉండాలని వేగాన్ని వెయ్యిన్నొకటో వంతు తగ్గించారు. కాబట్టి కచ్చితమైన విలువ 60000ను 1001తో భాగిస్తే వచ్చేది. సెట్టింగుల్లో 29.97 అని టైప్ చేసే బదులు 30000/1001 అని భిన్నంగా ఇవ్వగలిగితే అలాగే ఇవ్వండి. విలువ కచ్చితంగా ఉంటుంది.

ఇలా ఫ్రేమ్‌ను ఫీల్డులుగా పంపే పద్ధతి ఇంటర్‌లేస్ (అంకె పక్కన ఐ), నిండు ఫ్రేములుగా ఉంచేది ప్రోగ్రెసివ్ (పీ). ఇంటర్‌లేస్ గురించి ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. 1080ఐ ఫ్రేమ్‌లోని రెండు ఫీల్డులు ఒకే బొమ్మలోని రెండు సగాలు కావు. అవి 50 ఫీల్డుల ప్రమాణంలో సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసిన రెండు వేర్వేరు క్షణాలు, ఒక్కోదానికి 540 లైన్లు. ఈ గైడులో చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క నిజం నుంచి పుట్టినవే.

ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో సాధనంలో ఫైలు తెరిచి స్కాన్ టైప్, స్కాన్ ఆర్డర్, ఫ్రేమ్ రేట్, బిట్ డెప్త్, క్రోమా (రంగు సమాచారం), మ్యాట్రిక్స్, రేంజ్ రాసిపెట్టుకోండి. అయితే అది చెప్పింది వేదవాక్కు కాదు. ఫైలు మీద అతికించిన చీటీని మాత్రమే అది చదువుతుంది. లోపల ఉన్న బొమ్మ వేరుగా ఉండటం చాలా మామూలు. ప్రోగ్రెసివ్‌గా తీసిన 25 ఫ్రేములను 50ఐ ఫైల్లో పెట్టి ఇంటర్‌లేస్డ్ అని రాసి ఉంటుంది. దీన్ని పీఎస్ఎఫ్ అంటారు. దాన్ని నమ్మి డీఇంటర్‌లేస్ చేస్తే, అంటే ఒక్కో ఫీల్డు నుంచి నిండు ఫ్రేమ్ కట్టబోతే, పూర్తి పదునున్న బొమ్మ చేజేతులా మెత్తబడిపోతుంది.

అందుకని కళ్లతో చూడాలి. పక్కకు కదిలే వస్తువు బాగా ఉన్న షాట్ ఒకటి ఎంచుకుని ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ ఆపేసి, బొమ్మను నూరు శాతం సైజులో ఉంచి చూడాలి. కదిలే అంచుల మీద ప్రతి ఫ్రేమ్‌లోనూ దువ్వెన పళ్ల లాంటి చారలు ఉంటే అది నిజమైన ఇంటర్‌లేస్. ఎక్కడా లేకపోతే ప్రోగ్రెసివ్ లేదా పీఎస్ఎఫ్. మూడు ఫ్రేములు శుభ్రంగా, రెండు ఫ్రేములు చారలతో, మళ్లీ మూడు, మళ్లీ రెండు, ఇలా వరసగా వస్తుంటే అది 24 ఫ్రేముల సినిమాను పుల్‌డౌన్ చేసి, అంటే ఫ్రేములను ఎక్కువ ఫీల్డుల మీద పరచి, 29.97లో పెట్టినది. కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాధనంలోని ఐడెట్ ఫిల్టర్ ఈ లెక్క అంకెల్లో కూడా చెబుతుంది. దాన్ని టైటిల్స్ మీద కాకుండా కదలిక ఉన్న చోట కనీసం ఐదారువందల ఫ్రేముల మీద నడపండి. కదలిక లేని బొమ్మలో ఇంటర్‌లేస్, ప్రోగ్రెసివ్ ఒకేలా కనిపిస్తాయి.

తర్వాత ఫీల్డుల వరస. హెచ్‌డీ ఇంటర్‌లేస్ అంతా పై ఫీల్డ్ ముందు. డీవీ, అది పాల్ అయినా ఎన్‌టీఎస్‌సీ అయినా, కింది ఫీల్డ్ ముందు. డీవీ కాని పాల్ ఎస్‌డీలో పై ఫీల్డ్ ముందు, ఎన్‌టీఎస్‌సీ ఎస్‌డీలో కింది ఫీల్డ్ ముందు ఉండటం ఆనవాయితీ. అనుమానం ఉంటే ఫీల్డులను విడదీసి ఒక్కోటీ చూడండి. ఎడమ నుంచి కుడికి వెళ్లే బండి ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు గెంతుతున్నట్టు కనిపిస్తే వరస తప్పు. నున్నగా ముందుకే పోతే సరైనది. ఇది తప్పితే తర్వాత ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఫలితం బాగుపడదు.

ఫోన్లలో తీసిన ఫుటేజ్ కలిసి ఉంటే ఫ్రేమ్ రేట్ వేరియబుల్ అని ఉందేమో చూడండి. ఉంటే ముందుగా దాన్ని స్థిరమైన రేటుకు తెచ్చి ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టాలి. లేకపోతే మాటకూ పెదవికీ పొత్తు కుదరదు.

ఒక్కసారే డీకోడ్, ఒక్కసారే ఎన్‌కోడ్

నాణ్యత ఎక్కువగా తరిగిపోయేది ఒక పని చేసి ఫైలుగా రాసి, ఇంకో పని చేసి మళ్లీ రాసినప్పుడు. వీలైతే మొత్తం గొలుసు ఒకే స్క్రిప్టులో, ఒకే ప్రాజెక్టులో నడవాలి. మధ్యలో ఫైలు రాయక తప్పకపోతే 10 బిట్ 4:2:2 (అడ్డంగా రంగు సమాచారం సగమే ఉంచే పద్ధతి) తగ్గకుండా ప్రోరెస్ 422 హెచ్‌క్యూ, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్, లేదా పూర్తిగా నష్టం లేని ఎఫ్ఎఫ్‌వీ1 వాడండి. మూలం 8 బిట్ అయినా సరే మధ్య దశ 10 బిట్ ఉండాలి. ఎందుకంటే సైజు మార్చినా, రంగు మార్చినా వచ్చే విలువలు 8 బిట్ మెట్ల మధ్య పడతాయి. వాటిని మళ్లీ 8 బిట్‌కు గుండ్రం చేస్తూ పోతే ఆకాశంలో పట్టీలు పడతాయి. చోటు ముందే లెక్క వేసుకోండి. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ 1080 సైజులో 25 ఫ్రేములకు సెకనుకు సుమారు 184 మెగాబిట్లు. అంటే గంటకు 83 గిగాబైట్ల దాకా. 50 ఫ్రేములకు విస్తరిస్తే దాదాపు రెట్టింపు.

పనుల వరస ఇది. డీకోడ్ చేసి 10 బిట్ లేదా అంతకంటే ఎక్కువలోకి తేవడం. పుల్‌డౌన్ తీయడం లేదా డీఇంటర్‌లేస్. నాయిస్ తగ్గించాల్సి ఉంటే అప్పుడే. తర్వాత ఫ్రేమ్ రేట్, తర్వాత క్రాప్, సైజు, తర్వాత రంగు. గమ్యం ఇంటర్‌లేస్ అయితే మళ్లీ ఫీల్డులుగా అల్లడం. చివర ఎన్‌కోడ్. హెచ్‌డీ నుంచి ఎస్‌డీకి దిగేటప్పుడు ముందు కుదించి ఆ తర్వాత ఫ్రేమ్ రేట్ మార్చినా పరవాలేదు, గంటలు కలిసొస్తాయి. డీఇంటర్‌లేస్‌కు ముందు సైజు మార్చడం మాత్రం ఏ పరిస్థితిలోనూ కూడదు. నిలువుగా కుదించిన క్షణంలో రెండు ఫీల్డుల లైన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కలిసిన రెండు క్షణాలను తర్వాత ఎవరూ విడదీయలేరు.

డీఇంటర్‌లేస్: 50 ఫీల్డులు 50 ఫ్రేములు కావాలి

50ఐని 25పీగా మార్చితే కదలికలో సగం సమాచారం చెత్తబుట్టలోకి పోతుంది. ఫైనల్ 25పీ కావాలన్నా, మధ్య దశలో 50పీ చేసుకుని అక్కడ నిర్ణయం తీసుకోవడం మంచిది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడేవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇక్కడే ఉంది. యాడిఫ్ ఫిల్టర్‌కు ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఫ్రేమ్‌కు ఒక ఫ్రేమే ఇస్తుంది. సెండ్ ఫీల్డ్ అనే మోడ్‌ను మనమే అడగాలి. బీడబ్ల్యూడిఫ్ మాత్రం అడగకుండానే ఫీల్డ్‌కు ఒక ఫ్రేమ్ ఇస్తుంది. అంచుల విషయంలో కూడా యాడిఫ్ కంటే మెరుగు. రెండూ ఒకే వేగంతో నడిచే తరగతివి కాబట్టి యాడిఫ్‌ను ఎంచుకోవడానికి ఇప్పుడు కారణం కనిపించదు.

సమయం ఉంటే, ఫుటేజ్ విలువైనదైతే, స్క్రిప్టుతో వీడియోను మార్చే సాధనాలైన అవిసింత్‌లో గానీ వేపర్‌సింత్‌లో గానీ క్యూటీజీఎంసీ అనే డీఇంటర్‌లేస్ స్క్రిప్టు వాడండి. ఇది ముందు వెనక ఫీల్డుల్లో కదలికను వెతికి, లేని లైన్లను అక్కడి నుంచి తెచ్చి పూరిస్తుంది. సన్నని అడ్డగీతలు, నెట్‌లు, చొక్కా గళ్లు వణక్కుండా నిలబడతాయి. స్లోయర్ ప్రీసెట్ చాలా పనులకు సరిపోతుంది. నడిపే ముందు ఫీల్డ్ వరస ఏదో స్క్రిప్టులో స్పష్టంగా రాయాలి, లేకపోతే తప్పు ఊహతో మొదలుపెట్టవచ్చు. దీనికీ ఒక దోషం ఉంది. మామూలు సెట్టింగుల్లో బొమ్మలోని సహజమైన గ్రెయిన్‌ను కొంత నునుపు చేస్తుంది. ఫిల్మ్ గ్రెయిన్ ఉన్న మూలమైతే గ్రెయిన్ తిరిగి కలిపే, అంటే నాయిస్ నిలిపే సెట్టింగులు తెరిచి, ముఖాల మీద పోల్చి చూసుకోండి.

రెండు ఫీల్డులను కలిపి సగటు తీసే బ్లెండ్ డీఇంటర్‌లేస్ కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇంకా ఉంది. చారలు పోతాయి కాబట్టి బాగున్నట్టే అనిపిస్తుంది. నిజానికి రెండు క్షణాలు ఒకదాని మీద ఒకటి అచ్చయిపోతాయి. అలా చేసి పంపిన ఫుటేజ్‌ను బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఎవరైనా అలాంటిది ఇస్తే, పని మొదలుపెట్టకుండా అసలు మూలం అడిగి తెప్పించుకోవడమే మేలు.

4:2:0, అంటే రంగును నిలువుగానూ సగం చేసిన, ఇంటర్‌లేస్ ఫైళ్లలో రంగు సమాచారం కూడా ఫీల్డుల వారీగానే ఉంటుంది. దాన్ని ప్రోగ్రెసివ్ అనుకుని 4:2:2కు విస్తరిస్తే ఎర్రని అంచుల మీద మెట్లమెట్లుగా చారలు పడతాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ స్కేల్ ఫిల్టర్‌లో ఇంటర్‌లేస్ అని చెప్పే స్విచ్ ఒకటి ఉంది, డీఇంటర్‌లేస్‌కు ముందు క్రోమా మార్చాల్సి వస్తే దాన్ని పెట్టాలి.

సినిమా నుంచి వచ్చినదైతే

మూడు శుభ్రం, రెండు చారలు అనే లయ కనిపించిన ఫుటేజ్‌ను డీఇంటర్‌లేస్ చేయకూడదు. అందులో 24 నిండు ఫ్రేములు చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఫీల్డులను మళ్లీ జతకలిపితే చాలు. పుల్‌డౌన్‌లో నాలుగు సినిమా ఫ్రేములు రెండు, మూడు, రెండు, మూడు ఫీల్డులుగా పరచుకుని పది ఫీల్డులవుతాయి, అంటే ఐదు వీడియో ఫ్రేములు. తిరగ్గొట్టడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఫీల్డ్‌మ్యాచ్, దాని వెంట చారలు మిగిలిన ఫ్రేములకు మాత్రమే పనిచేసేలా బీడబ్ల్యూడిఫ్, ఆ తర్వాత ఐదింటిలో ఒకటి తీసేసే డెసిమేట్. అవిసింత్‌లో టీఎఫ్ఎం, టీడెసిమేట్. వచ్చేది 23.976 ప్రోగ్రెసివ్.

చిక్కు ఎక్కడంటే, పుల్‌డౌన్ చేసిన తర్వాత ఎడిట్ చేసిన కార్యక్రమాల్లో ప్రతి కట్ దగ్గర లయ తెగిపోతుంది. ఎప్పుడూ ఐదింటిలో మూడోదాన్ని తీసేయ్ అనే స్థిరమైన లెక్క అక్కడ పనికిరాదు. బొమ్మను చూసి నిర్ణయించే ఫిల్టరే కావాలి. సినిమా మీద తర్వాత వీడియోలో వేసిన పేర్ల పట్టీ నిజమైన 59.94 వేగంతో కదులుతుంది. పుల్‌డౌన్ తీస్తే పేర్లు కుదుపుతాయి, తీయకపోతే సినిమా. అలాంటి భాగాలను విడిగా కోసి, పట్టీ ఉన్నంతసేపు డీఇంటర్‌లేస్ దారిలో నడపండి. వీలైతే పట్టీ లేని మాస్టర్ తెప్పించి అక్షరాలు కొత్తగా వేయండి.

24 చేతికొచ్చాక 25కు వెళ్లడం సులువు, అదే ఫ్రేములను కాస్త వేగంగా ఆడిస్తారు. ఒక్క ఫ్రేమ్ కూడా పోదు, కొత్తది పుట్టదు. రెండు గంటల సినిమా 115 నిమిషాల 12 సెకన్లలో ముగుస్తుంది. వేగం 4 శాతానికి పైగా పెరగడంతో స్వరం సుమారు 0.7 సెమీటోన్ పైకి లేస్తుంది. సంభాషణలో చాలామంది పట్టించుకోరు కానీ పాటలో చెవి ఉన్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది. పిచ్ సరిచేసే స్ట్రెచ్ వాడితే అది పోతుంది. అయితే తాళవాద్యాల దెబ్బలు మొద్దుబారుతున్నాయేమో వినండి. వెనక్కి 25 నుంచి 23.976కి రావడమూ ఇదే పద్ధతి, గంట కార్యక్రమం 62 నిమిషాల 34 సెకన్లు అవుతుంది. ప్రసార సమయం గడియారంతో ముడిపడి ఉంటే ఆ రెండున్నర నిమిషాలు ముందే అవతలివారికి చెప్పాలి.

50 నుంచి 59.94: అసలు కష్టం ఇక్కడ

మొదట సులువైనవి పక్కన పెట్టేద్దాం. 30 నుంచి 29.97, 60 నుంచి 59.94, 24 నుంచి 23.976, వీటిలో ఫ్రేముల జోలికి వెళ్లకండి. ఫైల్ రేటును మాత్రమే తిరిగి ప్రకటించి ఆడియోను 0.1 శాతం సాగదీయండి. ఇక్కడ ఫ్రేమ్ కన్వర్షన్ నడిపితే దాదాపు ప్రతి వెయ్యి ఫ్రేములకు ఒకటి ఎగిరిపోయి, 30 ఫ్రేముల ఫైల్లో సుమారు ముప్పై మూడు సెకన్లకోసారి చిన్న గెంతు కనిపిస్తుంది. 24 నుంచి 59.94ఐకి వెళ్లాలంటే 23.976కి తగ్గించి పుల్‌డౌన్ వేయడమే సరైన దారి. 25పీ కథాచిత్రాన్ని 59.94ఐకి పంపాల్సి వస్తే, నిడివి పెరగడానికి ఒప్పుకుంటే, 23.976కి నెమ్మదించి పుల్‌డౌన్ వేయడమే మా దృష్టిలో అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. కొత్తగా ఊహించి గీసిన ఫ్రేమ్ ఒక్కటీ ఉండదు.

ఆటలు, ప్రత్యక్ష ప్రసారాలు, వార్తలు నిడివి మార్చడానికి వీల్లేదు. అక్కడ 50 క్షణాల నుంచి 59.94 క్షణాలు తయారు చేయాలి. లెక్క చూడండి. ఐదు ఫ్రేములకు బదులు ఆరు కావాలి. ఆ ఆరింటిలో ఒకటే అసలు ఫ్రేమ్ ఉన్న క్షణం మీద పడుతుంది. మిగతా ఐదూ రెండు ఫ్రేముల నడుమ ఎక్కడో ఉంటాయి. 0.1 శాతం తేడా వల్ల ఆ ఒక్కటి కూడా మెల్లగా పక్కకు జారిపోతుంది.

ఈ ఖాళీలు పూరించడానికి మూడు పద్ధతులు. దగ్గరి ఫ్రేమ్‌ను మళ్లీ వాడితే పదును నూరు శాతం నిలుస్తుంది, కానీ సెకనుకు పదిసార్లు కుదుపు. రెండింటిని కలిపితే కుదుపు మెత్తబడి, కదిలే ప్రతి వస్తువుకూ జంట అంచు వస్తుంది. మూడోది మోషన్ కాంపెన్సేషన్. ప్రతి చిన్న భాగం ఎటు, ఎంత కదిలిందో అంచనా వేసి, కావలసిన క్షణానికి అది ఉండవలసిన చోట పెట్టి కొత్త ఫ్రేమ్ గీస్తుంది. ప్రసార సంస్థలు వాడే ఖరీదైన స్టాండర్డ్స్ కన్వర్టర్లు ఈ పనే చేస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో అయితే డావిన్చీ రిజాల్వ్‌లోని ఆప్టికల్ ఫ్లో, అవిసింత్‌లోని ఎంవీటూల్స్, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని ఎమ్ఇంటర్‌పొలేట్ ఉన్నాయి. చివరిది చాలా నెమ్మది, చిన్న ముక్కలకే పనికొస్తుంది. ఏది వాడినా ఇన్‌పుట్ 50పీ ఉండాలి. 25పీ ఇస్తే దానికి అందే కదలిక దూరం రెట్టింపై అంచనాలు తప్పుతాయి.

ఇది ఎక్కడ తప్పుతుందో ముందే తెలిస్తే వెతకాల్సిన చోట్లు తెలుస్తాయి. నీటి తుంపర్లు, ఎగిరే రంగు కాగితాలు, తిరిగే రెక్కలు, పరిగెత్తేవాడి కాళ్లు ఒకదాన్నొకటి దాటే క్షణం. కంచె, గ్యాలరీ మెట్లు లాంటి ఒకే నమూనా పదేపదే వచ్చే చోట ఏ ఊచ ఏ ఊచగా కదిలిందో యంత్రానికి తెలియదు, పక్క ఊచను పట్టుకుంటుంది. కెమెరా ఫ్లాష్ పడిన ఫ్రేమ్ దగ్గర, ఫేడ్ జరుగుతున్నప్పుడు వెలుగు మారడాన్ని కదలికగా పొరబడుతుంది. కట్ దగ్గర రెండు షాట్లను కరిగించి ఒక వికారమైన ఫ్రేమ్ తయారు చేస్తుంది. దీనికి సీన్ మార్పు గుర్తింపు పెట్టాలి. ఇంకా నమ్మకమైనది కట్ల దగ్గర ఫుటేజ్‌ను ముక్కలు చేసి ఒక్కో షాట్‌ను విడిగా మార్చడం. చెడిన షాట్‌ను మాత్రం బ్లెండ్‌తోనో రిపీట్‌తోనో మార్చండి. ఫ్లాష్ మెరిసే విలేకరుల సమావేశంలో జంట అంచు కంటికి ఆనదు, సాగిపోయిన ముఖం ఆనుతుంది.

తెర అడుగున పరుగెత్తే స్క్రోల్ అక్షరాలు ఇక్కడ ముందుగా విరిగేవి. అక్షరాల వెనక ఒక కదలిక, అక్షరాలది మరో కదలిక, రెండింటి సరిహద్దులో గీతలు కరిగిపోతాయి. గ్రాఫిక్స్ లేని క్లీన్ ఫీడ్ దొరికితే బొమ్మను మార్చి, అక్షరాలను గమ్యం రేటులో కొత్తగా వేయడం కంటే మంచి మందు లేదు.

సైజు, పిక్సెల్ ఆకారం

ఎస్‌డీ పిక్సెళ్లు చతురస్రాలు కావు. 4:3 బొమ్మ 720లో మొత్తం కాదు, మధ్యలోని 704 పిక్సెళ్లలో ఉంటుంది. పాల్‌లో పిక్సెల్ నిష్పత్తి 12/11, ఎన్‌టీఎస్‌సీలో 10/11. 704ను 12/11తో గుణిస్తే 768, దాన్ని 576తో భాగిస్తే సరిగ్గా 4:3. కాబట్టి రెండు వైపులా ఎనిమిదేసి పిక్సెళ్లు క్రాప్ చేసి, 704 వెడల్పును 1440×1080కి పెంచి, పక్కల నలుపు ఉంచండి. 720ను అలాగే సాగదీస్తే ముఖాలు రెండు శాతం సన్నబడతాయి. ఇది కంటికి వెంటనే తెలియదు కానీ గుండ్రని గడియారం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 4:3ను 16:9కి సాగదీయడం మాత్రం తప్పే.

ఎన్‌టీఎస్‌సీ 486ను 480కి తగ్గించేటప్పుడు స్కేల్ చేయవద్దు, పైన 4, కింద 2 లైన్లు కోయండి. ఇంటర్‌లేస్‌లో ఉండగా పై నుంచి కోసే లైన్ల సంఖ్య సరిసంఖ్య కావాలి. ఒక్క లైన్ కోస్తే పై ఫీల్డ్ కింది ఫీల్డవుతుంది, వరస తిరగబడుతుంది. ఇదే గుణాన్ని మందుగానూ వాడుకోవచ్చు. కింది ఫీల్డ్ ముందున్న ఫుటేజ్‌ను పై ఫీల్డ్ ముందుకు మార్చడానికి బొమ్మను ఒక్క లైను జరిపితే చాలు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని ఫీల్డ్‌ఆర్డర్ ఫిల్టర్ చేసేది అదే.

పెంచడానికి లాంక్జోస్ బాగుంటుంది, కానీ గట్టి అంచుల చుట్టూ మెరుపు గీత వేస్తుంది. వీహెచ్‌ఎస్ లాంటి మూలాల్లో ఆ గీత ముందే ఉంటుంది కాబట్టి బైక్యూబిక్ మెత్తదనమే మంచిది.

రంగు, లెవెల్స్

ఎస్‌డీ రంగు రెక్ 601 మ్యాట్రిక్స్‌తో, హెచ్‌డీ రెక్ 709తో కోడ్ అవుతుంది. పచ్చ వాటా ఒకదానిలో 0.587, మరోదానిలో 0.7152. సైజు మార్చి మ్యాట్రిక్స్ మార్చడం మర్చిపోతే తెలుపు, బూడిద, నలుపు చెక్కుచెదరవు. అందుకే లోపం దాగిపోతుంది. ఎరుపు, పచ్చ, ముఖ్యంగా చర్మం రంగు పక్కకు జరుగుతాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని జెడ్‌స్కేల్ ఫిల్టర్‌లో మూలం మ్యాట్రిక్స్, గమ్యం మ్యాట్రిక్స్ రెండూ స్పష్టంగా రాయండి. ఫైల్లో ట్యాగ్ లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఊహకు వదలవద్దు.

రేంజ్ ఇంకా ప్రమాదకరం. ప్రసార వీడియోలో 8 బిట్‌లో నలుపు 16, తెలుపు 235. 10 బిట్‌లో 64, 940. దాన్ని 0 నుంచి 255 అనుకుంటే బొమ్మ పాలిపోయి నలుపు బూడిదగా కనిపిస్తుంది. తిరగేస్తే నీడలు, వెలుగులు కోసుకుపోతాయి, కోసుకుపోయినవి తిరిగి రావు. ఎన్‌టీఎస్‌సీ అనలాగ్ టేపుల్లో నలుపు 7.5 ఐఆర్‌ఈ (అనలాగ్ వెలుగు స్థాయి కొలత) మీద ఉంటుంది, జపాన్‌లో మాత్రం సున్నా మీద. క్యాప్చర్ పరికరం ఆ సెట్టింగ్ తప్పితే నలుపంతా పైకి తేలుతుంది. టేపు మొదట కలర్ బార్స్ ఉంటే వేవ్‌ఫామ్‌లో, అంటే వెలుగు స్థాయిలు చూపే గ్రాఫ్‌లో, ముందు వాటినే చూడండి.

మామూలు వీడియోను (ఎస్‌డీఆర్) ఎక్కువ వెలుగు పరిధి ఉన్న హెచ్‌డీఆర్‌కు మార్చడమంటే ట్యాగ్ మార్చడం కాదు. ఎస్‌డీఆర్ తెలుపును ఐటీయూ సిఫారసు చేసిన 203 నిట్ల దగ్గర కూర్చోబెట్టి, రెక్ 709 రంగులను రెక్ 2020 లోపలికి మ్యాప్ చేయాలి. హెచ్‌డీఆర్ వెలుగును కోడ్ చేసే పీక్యూ లేదా హెచ్‌ఎల్‌జీ వక్రం ఆ తర్వాత.

చివర 8 బిట్‌కు దిగేటప్పుడు డిథర్, అంటే గుండ్రం చేసే తేడాను చుట్టూ చెదరగొట్టే పద్ధతి, పెట్టండి. జెడ్‌స్కేల్‌లో ఎర్రర్ డిఫ్యూజన్ ఎంపిక ఉంది. పెట్టకపోతే ఇంతసేపు 10 బిట్‌లో కాపాడిన నునుపైన ఆకాశం చివరి మెట్టు మీద పట్టీలైపోతుంది.

మళ్లీ ఇంటర్‌లేస్ చేయడం, ఫైలు రాయడం

50పీ లేదా 59.94పీ సిద్ధమయ్యాక గమ్యం ఇంటర్‌లేస్ అయితే, ఒక ఫ్రేమ్ నుంచి బేసి లైన్లు, తర్వాతి ఫ్రేమ్ నుంచి సరి లైన్లు తీసి అల్లాలి. అల్లే ముందు నిలువు దిశలో తేలికపాటి లోపాస్, అంటే మరీ సన్నని వివరాన్ని మెత్తబరిచే ఫిల్టర్, అవసరం. లేకపోతే ఒక్క లైను మందం ఉన్న అడ్డగీత ఒక ఫీల్డ్‌లో ఉండి ఇంకో ఫీల్డ్‌లో మాయమై మినుకుమినుకుమంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని ఇంటర్‌లేస్ ఫిల్టర్ లోపాస్‌ను తనంతట తానే పెడుతుంది. పదును తగ్గిందని దాన్ని తీసేయకండి.

ఎన్‌కోడర్‌కు ఫీల్డ్ వరసను వేరుగా చెప్పాలి. బొమ్మ ఇంటర్‌లేస్ అయి ఎన్‌కోడర్ ప్రోగ్రెసివ్ అనుకుంటే క్రోమా రెండు ఫీల్డుల మధ్య కలిసిపోతుంది, బిట్లూ వృథా అవుతాయి. ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ 422 అడిగితే అది 8 బిట్, సెకనుకు 50 మెగాబిట్లు. నాయిస్ ఎక్కువున్న ఫుటేజ్ అందులో చదరాలు చదరాలుగా విరుగుతుంది కాబట్టి ముందు దశలోనే నాయిస్ కాస్త తగ్గించి పంపండి. క్లోజ్డ్ క్యాప్షన్లు, టెలిటెక్స్ట్ సబ్‌టైటిళ్లు బొమ్మతో పాటు రావు, విడిగా తీసి కొత్త టైమ్‌కోడ్‌కు సరిపెట్టి మళ్లీ చేర్చాలి.

ధ్వని, టైమ్‌కోడ్

నిడివి మారకపోతే ఆడియోను ముట్టుకోకండి, 48 కిలోహెర్ట్జ్‌లోనే అలాగే కాపీ చేయండి. మారితే నాణ్యమైన రీశాంప్లర్‌తో ఒక్కసారే మార్చండి. లౌడ్‌నెస్ ప్రమాణం గమ్యాన్ని బట్టి మారుతుంది. ఈబీయూ (యూరప్ ప్రసార సంఘం) ఆర్128లో −23 ఎల్‌యూఎఫ్ఎస్, ట్రూ పీక్ −1 డీబీ. అమెరికా ప్రమాణం ఏటీఎస్‌సీ ఏ/85లో −24, ట్రూ పీక్ −2.

29.97లో డ్రాప్ ఫ్రేమ్ టైమ్‌కోడ్ ఏ ఫ్రేమ్‌నూ తీసేయదు, అంకెలను మాత్రమే దాటేస్తుంది. ప్రతి నిమిషం మొదట 00, 01 అంకెలు వదిలేస్తారు, పదో నిమిషానికి మాత్రం వదలరు. గంటకు 108 అంకెలు. నాన్‌డ్రాప్‌లో ఉంచితే టైమ్‌కోడ్‌లో గంట పూర్తయ్యేసరికి గడియారంలో గంటా 3.6 సెకన్లు గడిచి ఉంటాయి. 25లో ఇచ్చిన కట్ లిస్టును 29.97కి మార్చేటప్పుడు టైమ్‌కోడ్ అంకెలను నేరుగా నకలు చేయకుండా, మొదటి నుంచి గడిచిన సెకన్లుగా మార్చి తిరిగి లెక్కవేయాలి.

అప్పగించే ముందు చూడాల్సినవి

మొత్తం నిడివిని సెకన్లలో పోల్చండి. మొదటి నిమిషంలో, నడుమ, చివరి నిమిషంలో పెదవుల కదలిక చూడండి. మొదట సరిగా ఉండి చివర జారితే చాలాసార్లు 0.1 శాతం సవరణ ఆడియోకు అందలేదని అర్థం. అంతటా ఒకే తేడా ఉంటే అది ఆలస్యం మాత్రమే, జరిపితే సరిపోతుంది. వేవ్‌ఫామ్‌లో ఆర్‌జీబీ విలువలు ఈబీయూ ఆర్103 చెప్పే −5 నుంచి 105 శాతం మధ్య ఉన్నాయో లేదో చూడండి. పక్కకు సాగే పాన్ షాట్ ఒకటి, పేర్ల స్క్రోల్ ఒకటి, ఫ్లాష్ లేదా ఫేడ్ ఒకటి, ముఖం దగ్గరగా ఉన్న షాట్ ఒకటి ఎంచుకుని ఫీల్డ్ ఫీల్డ్‌గా జరుపుతూ చూడండి. ఇంటర్‌లేస్ ఫైలును కంప్యూటర్ తెర మీద మాత్రమే చూసి సరేననకండి. ప్లేయర్ దాన్ని తానే డీఇంటర్‌లేస్ చేసి తప్పులు దాచేస్తుంది. గమ్యం ఫార్మాట్‌ను నేరుగా ఎస్‌డీఐ (స్టూడియోల్లో వాడే వీడియో కేబుల్ ప్రమాణం) ద్వారా బయటికి పంపే కార్డు, ఇంటర్‌లేస్ చూపించగల మానిటర్ ఉంటే ఫీల్డ్ వరస తప్పు రెండు సెకన్లలో బయటపడుతుంది. అవి లేకపోతే ఫైనల్ ఫైలునే తిరిగి తెరిచి, ఫీల్డులు విడదీసి, మొదట్లో మూలం మీద చేసిన బండి పరీక్షే దీని మీదా చేయండి.